పనిలేని కన్ను

ఆ వీధిలో ఎవరినడిగినా కొట్టుకి దారి చెబుతారు గాని, బోర్డు మీద ఉన్న పేరు మాత్రం ఒక్కరికీ గుర్తుండదు. ముక్కువాచీ వాళ్ల కొట్టంటే చాలు. మూడు తరాలుగా ఆ ఇంటి మగవాళ్లు వాచీని ముక్కుకి ఆనించుకుని బాగుచేస్తున్నారు కాబట్టి ఆ పేరు పడింది. మిగతా వాచీ రిపేరువాళ్లు కంటికి గొట్టంలాంటి భూతద్దం బిగించుకుంటారు. వీళ్లకది అక్కర్లేదు. చీమకాలికి చెప్పు కుట్టమన్నా కుట్టేస్తారు. కాకపోతే గుమ్మంలో నిలబడ్డది చుట్టమో దొంగో గొంతు వింటేనే గాని తెలియదు.

దీన్ని లోపమని ఆ ఇంట్లో ఎవరైనా అంటే ఒట్టు. "భూతద్దం కొనుక్కునే ఖర్మ మనకెందుకురా? మనకి కంట్లోనే పెట్టి పంపించారు" అనేవాడు పెద్దాయన. పెద్దాయనంటే, ఇప్పుడు కొట్టు నడుపుతున్న వాచీలాయనకి తండ్రి. వయసు మీదపడ్డా పొద్దున్నే వచ్చి తన బల్ల ముందు కూర్చోవడం మానలేదు. ఆ బల్ల కొట్టులో ఎడమ గోడకి ఆనించి ఉంటుంది. దుమ్ము తుడవడానికి కాస్త జరిపినా ఆయన ఊరుకోడు. అది ముసలితనపు చాదస్తమని అందరూ వదిలేశారు.

కొడుక్కి పని నేర్పిన మొదటిరోజు పెద్దాయన స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు, పట్టకారూ ఇవ్వలేదు. "ముందు ఎడం కన్ను మూయి" అన్నాడు. "పనిచేసేది కుడి కన్ను. ఎడమది దానికి తోడు, అంతే. పనిలేనివాణ్ణి పని దగ్గర నిలబెడితే పక్కవాణ్ణి కూడా చెడగొడతాడు. మూసెయ్." మీసాలు రాని కుర్రాడు ఆరోజు మూసిన కన్ను, ఇప్పుడు నెత్తి సగం నెరిసిన వాచీలాయనకి బల్ల ముందు కూర్చోగానే దానంతటదే మూతపడుతుంది. పొద్దున మూస్తే భోజనానికి తెరుస్తాడు, మళ్లీ మూస్తే చీకటిపడి కొట్టు కట్టేటప్పుడు తెరుస్తాడు.

అద్దాలు లేవని కాదు. పెళ్లికి ముందెప్పుడో చేయించుకున్న జత ఒకటి చొక్కా జేబులో ఉంటుంది. వాటికి వీధి అద్దాలని పేరు. రోడ్డు దాటడానికి పెట్టుకుని, కొట్టు మెట్టెక్కుతూనే తీసేస్తాడు. ఆ పవరు ఇప్పటి చూపుకి ఏ మూలకీ చాలదు. వాటిలోంచి చూసినా ఎదురుగా వచ్చే బస్సు ఏ రంగుదో తెలుస్తుంది గాని నంబరు తెలియదు. కొత్తవి చేయించుకోవాలని ఏటా అనుకుంటాడు. అనుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, ఈ మధ్య అది కూడా మానేశాడు.

అసలు వాచీలాయన అలిసిపోయాడు. ఒక పూట నిద్రపోతే తీరే అలసట కాదది. మెడ వంచీ వంచీ మెడే వంగిపోయింది. రోజంతా ఎవరో ఒకరు వచ్చి బ్యాటరీ వేయమంటారు, బెల్టు మార్చమంటారు, పాత గోడ గడియారం తెచ్చి ఇది మా తాతది ఎలాగైనా బతికించమంటారు. ఇంటికెళ్తే ఇల్లాలు సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని ముగించుకుని అప్పుడే వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గోడకి చేరగిలబడి ఉంటుంది. ఎవరు ముందు లేచి పొయ్యి వెలిగిస్తారా అని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎక్కువసార్లు ఆవిడే లేస్తుంది.

కిందటి వానాకాలంలో అతని కంటి ముందు నల్లటి నలకలు తేలడం మొదలైంది. దోమలనుకుని రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. "దోమలూ లేవు, దోమలమ్మ మొగుడూ లేడు, గాలికి తాళం వేస్తున్నారేంటి?" అని నవ్వింది ఇల్లాలు. తర్వాత మెరుపులు వచ్చాయి. దీపం ఆర్పి కళ్లు అటూ ఇటూ తిప్పితే ఎడమ కొసన ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది. తండ్రికి చెబితే ఆయన తలెత్తకుండానే, "నాకూ మెరిసేవి. అలసటరా. చన్నీళ్లు కొట్టుకో, వాటంతటవే పోతాయి" అన్నాడు. కొట్టుకున్నాడు. నిజంగానే కొన్నాళ్లకి పోయాయి. పెద్దాయన మాట ఎప్పుడు తప్పింది గనక అనుకుని వాచీలాయన పనిలో పడ్డాడు.

ఆ తర్వాత ఎడమ చేతి పక్కనున్న గ్లాసులు పడగొట్టడం, గుమ్మాలకి భుజం కొట్టుకోవడం ఎక్కువైంది. "ఆ ఎడం గుమ్మానికీ మీకూ ఏం పగండీ? దారి మొత్తం వదిలేసి దాన్నే గుద్దుతారు" అనేది ఇల్లాలు. అలిసినవాడికి గుమ్మం ఇరుకనేవాడు ఇతను.

ఆ ఇంటికి ఒక్కతే పిల్ల. తొమ్మిదేళ్లది. గువ్వ అని పిలుస్తారు, ఎందుకంటే దూరంగా ఏదైనా చూడాలంటే మెడ ముందుకి చాచి, కళ్లు చిట్లించి, తల ఓ పక్కకి వాలుస్తుంది. అలా చూడటం ముద్దుగా ఉండేది. ఎందుకలా చూస్తోందని అడగాల్సిన వాళ్లు ముద్దుచేసి ఊరుకున్నారు.

ఓ సాయంత్రం పెద్దాయన మనవరాలి చేతిలో విప్పిన వాచీ మూత పెట్టి, లోపల చెక్కిన నంబరు చదవమన్నాడు. ఆవగింజంత అంకెలవి. గువ్వ మూతని ముక్కు మీదికి తెచ్చుకుని, మధ్యలో ఒక్క అంకె కూడా తడబడకుండా గడగడా చదివేసింది. పెద్దాయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "ఒరేయ్, మనవడు లేడని ఏడ్చాను గాని, కన్ను మాత్రం దారి తప్పలేదురా!" అని కొడుకు వీపు మీద చరిచాడు. వాచీలాయన కూడా పొంగిపోయాడు. ఎన్నాళ్లకో ఒక సంతోషం ఇంటికొచ్చింది, దాన్ని అనుమానించి తరిమేయడానికి మనసొప్పలేదు.

ఆ సంతోషానికి బళ్లో వేరే పేరుంది. గువ్వ బోర్డు మీదవి తప్పుగా ఎక్కించుకుంటోంది. ముందు బెంచీలో కూర్చోబెట్టినా లేచి బోర్డు దగ్గరికి నడిచివెళ్తోంది. బంతి విసిరితే అది మొహానికి తగిలాకే చేతులెత్తుతోంది. అన్నిటికంటే తలవంపులు తెచ్చేది ఇంకొకటుంది. టీచరమ్మ గోడ గడియారం చూపించి టైమెంతని అడిగితే ఆ పిల్ల చెప్పలేదట. గడియారాల వాళ్ల పిల్లకి గడియారం చూడటం రాదని క్లాసంతా నవ్వారట. అదే గడియారం చేతికిస్తే సెకన్లతో సహా చెబుతుంది. ఆ సంగతి బళ్లో ఎవరికీ తట్టలేదు, ఇంట్లో తట్టినవాళ్లు నోరు మెదపలేదు.

ఆమధ్య బడికి కళ్ల పరీక్ష చేసేవాళ్లు వచ్చి, ఈ పాపని వెంటనే కంటి డాక్టరుకి చూపించమని చెప్పి వెళ్లారు. ఆ మాట మోసుకొచ్చిన ఇల్లాలికి, మామగారికి మధ్య ఆ రాత్రి భోజనాల దగ్గర కాస్త చల్లటి యుద్ధం జరిగింది.

"అద్దాలు పెట్టావా, చూపు వాటికి మరిగి సోమరిపోతవుతుంది. ఏడాదికో నంబరు పెరుగుతుంది. పక్కవీధి మెకానిక్ కొడుకుని చూడు, సోడాబుడ్డి కళ్లు" అన్నాడు పెద్దాయన.

"బోర్డు కనిపించట్లేదంట మామయ్యా."

"బోర్డు మీద ఏముందమ్మా? సుద్దముక్క. దాని పని దాని ముక్కు కిందే ఉంది."

ఇల్లాలు మొగుడి వైపు చూసింది. ఏదో ఒకటి అనండి అన్న చూపు. వాచీలాయనకి ఆ క్షణంలో ఏ పక్కా నిలబడే ఓపిక లేదు. "వచ్చే సెలవుల్లో చూద్దాంలే" అన్నాడు. ఆ సెలవులొచ్చాయి, వెళ్లాయి. ఆవిడకి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు, ఇతనికి కొట్టు వదలడం కుదరలేదు. రోజూ అడగడానికి ఆవిడకీ నోరు నొప్పిపుట్టింది. తాతకి దగ్గులు నేర్పడం తన వల్ల కాదనుకుని వదిలేసింది.

అలా ఉండగా ఓ మధ్యాహ్నం అది జరిగింది. బడికి సెలవని గువ్వ కొట్టులోనే ఓ మూల స్టూలు మీద కూర్చుని పుస్తకంలో మొహం దాచుకుని ఉంది. పెద్దాయన తన గోడ పక్క బల్ల ముందున్నాడు. వాచీలాయన ఎవరిదో ఆడవాళ్ల చేతివాచీ విప్పి, పళ్లచక్రాలు పెట్రోలులో కడుగుతున్నాడు. చెమట కారి కుడి కంట్లో పడబోతే వేలితో తుడుచుకున్నాడు. ఆ వేలికి పెట్రోలుంది. కన్ను భగ్గుమంది. గట్టిగా మూసుకుని, ఎడమ కన్ను తెరిచాడు.

చీకటి.

"కరెంటు పోయిందా?" అన్నాడు.

"లేదే నాన్నా. ఫ్యాను తిరుగుతోందిగా" అంది గువ్వ.

నిజమే, నెత్తిమీద ఫ్యాను కీచుమంటూ తిరుగుతూనే ఉంది. గాలి తగులుతూనే ఉంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. వాచీలాయన ఎడమ కన్ను మూసి మళ్లీ తెరిచాడు. అదే చీకటి. కాస్త ఆగితే, అడుగున తలుపు కింది సందులోంచి వచ్చినంత వెలుగు సన్నగా కనిపించింది. దాని మీదంతా బూడిదరంగు గోనెపట్టా వేలాడుతోంది. చేత్తో పక్కకి తోసేద్దామని చెయ్యి కూడా ఎత్తాడు.

పెద్దాయన తలెత్తి కొడుకు వైపు చూశాడు. మళ్లీ తల దించుకుని పనిలో పడ్డాడు. గువ్వ మాత్రం నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. కుడి కన్ను కడుక్కుని తెరిచాక కొట్టంతా యథాప్రకారం కనిపించింది. ముక్కు ముందున్నంతవరకూ స్పష్టంగా, ఆ తర్వాత అలికేసినట్టు. అతని వేళ్లలోంచి పళ్లచక్రం ఒకటి జారి ఎక్కడ పడిందో మళ్లీ దొరకలేదు.

మర్నాడు ఇల్లాలు జీతం పోతే పోయిందని పని మానేసి అతన్ని కంటాసుపత్రికి తీసుకెళ్లింది. గంటలకొద్దీ బెంచీ మీద కూర్చున్నారు. కళ్లలో చుక్కలు వేశారు, ఆ వెలుగుకీ ఈ వెలుగుకీ చూడమన్నారు, గడ్డం పెట్టమన్నారు, నుదురు ఆనించమన్నారు. చివరికి డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆవిడ కూడా పొద్దుటి నుంచి ఎన్ని కళ్లు చూసిందో, తన కళ్లు తనే నలుపుకుంది.

"ఎడమ కన్ను ఎప్పటినుంచి కనిపించట్లేదు?"

"నిన్నటినుంచండి."

"నిన్నటిది కాదిది. నెలలైంది. మీకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

"ఆ కన్ను ఎప్పుడూ మూసే ఉంచుతానండి" అన్నాడు వాచీలాయన. "పని అలాంటిది."

డాక్టరమ్మ కోప్పడకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "దూరం కనిపించకపోవడమంటే అద్దాల గొడవ ఒక్కటే కాదండి. కనుగుడ్డు వెనక్కి పొడుగ్గా సాగిపోతుంది. లోపల గోడకి సన్నటి పొరొకటి అంటుకుని ఉంటుంది, చూపంతా దాన్లోనే. గోడ సాగితే పొర పల్చబడుతుంది. ఒక్కోసారి చిరిగి ఊడొచ్చేస్తుంది. పవరు ఎంత ఎక్కువుంటే ఈ భయం అంత ఎక్కువ. మీకు చాలా ఎక్కువుంది. ముందు నలకలు, మెరుపులు వచ్చుండాలే?"

"వచ్చాయండి."

"అప్పుడేం చేశారు?"

"చన్నీళ్లు కొట్టుకున్నాను."

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దోమలమ్మ మొగుడని తను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఉంటుంది.

ఆ రోజే పరుగెత్తుకొచ్చి ఉంటే ఆ కంటిని కాపాడే వీలుండేదట. ఇప్పుడు ఆపరేషను చేసి పొరని అతికించే ప్రయత్నం చేయొచ్చు గాని, చూపు తిరిగొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి చెప్పింది. కుడి కంట్లో కూడా రెండు చోట్ల పొర పల్చబడి ఉంది. ఇవాళే లేజరు పెట్టి చుట్టూ అతుకు వేయాలి. పని చేసే కన్ను, ఇంటిల్లిపాదీ తినే కన్ను అది. వాచీలాయన ఆ కుర్చీలో కూర్చుని, కదలకుండా, పచ్చటి మెరుపులు ఒకదాని తర్వాత ఒకటి కంట్లో పడుతుంటే చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. ఇంతకు ముందెప్పుడూ అంత భయపడలేదు.

లేజరు అయ్యాక డాక్టరమ్మ అడిగింది. "పిల్లలున్నారా?"

వాచీలాయన జేబులోని వీధి అద్దాలు తడుముకున్నాడు.

"ఒక పాపండి" అంది ఇల్లాలు. "పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతుంది."

"అద్దాలున్నాయా?"

"మా ఇంట్లో పెట్టుకోరండి." ఆవిడ ఆ మాట మామూలుగానే అంది. మొగుడి వైపు చూడకుండా అంది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ ఆవిడే విని, ఆవిడే తిరగేసి అడిగింది. అద్దాలు పెడితే చూపు పాడవదు, పెట్టకపోతే ఎదిగే వయసులో కన్ను సరిగ్గా చూడటమే నేర్చుకోదు. పవరు పెరగడాన్ని పూర్తిగా ఆపలేకపోయినా నెమ్మది చేయొచ్చు. అందుకు రాత్రిపూట వేసే చుక్కలున్నాయి, ప్రత్యేకంగా చేసిన అద్దాలున్నాయి, పాపని పరీక్షించాక ఏది పనికొస్తుందో చెబుతారు. రోజూ రెండు గంటలైనా ఆరుబయట వెలుగులో ఆడాలి. చదివేటప్పుడు పుస్తకం జానెడు దూరంలో కాదు, మూరెడు దూరంలో ఉండాలి. మధ్యమధ్య తలెత్తి దూరం చూడాలి. పెద్దయ్యాక కూడా ఏటా చుక్కలు వేయించుకుని లోపలి పొర చూపించుకోవాలి. నలకలో మెరుపులో కనిపిస్తే మాత్రం ఆ పూటే రావాలి.

"ఇంతేనా?" అంది ఇల్లాలు. ఇంత మాత్రానికా ఇన్నాళ్లు ఆగింది అన్నట్టుంది ఆ గొంతు.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. కొట్టు కట్టేసి తండ్రినీ కూతుర్నీ ఇంటికి తీసుకెళ్దామని ఇద్దరూ నేరుగా అక్కడికే వచ్చారు. చుక్కల మత్తుకి వాచీలాయన కుడి కంటికి అంతా మసక మసకగా ఉంది. పెద్దాయన ఏమన్నారని అడిగాడు. ఎడమది పోయిందన్నారని చెప్పాడు కొడుకు. పెద్దాయన చేతిలో ఉన్న పట్టకారు బల్ల మీద పెట్టాడు. చాలాసేపు గోడనే చూశాడు.

"నీ బల్ల కూడా ఎడం గోడకి జరిపేసుకోరా" అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"అటుపక్క ఎవరూ రారు. వచ్చినవాళ్లంతా కుడి పక్కే నిలబడతారు. అలవాటైపోతుంది, ఎవరికీ తెలియదు."

వాచీలాయనకి ముందు ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక, గోడ పక్క బల్లనీ, గోడనీ, తండ్రి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. జరపనివ్వని బల్ల. పిల్లి కూడా దూరని సందు. ఏళ్ల తరబడి అదే చోటు.

"నీకూనా నాన్నా?"

"నీ పెళ్లినాటికే" అన్నాడు పెద్దాయన. "ముందు మెరిసింది, తర్వాత ఆరిపోయింది. పనికేం అడ్డం రాలేదు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే."

"చెప్పలేదేం?"

"ఒంటికన్ను వాడి చేతికి వాచీ ఎవడిస్తాడురా? కొట్టు మూసుకోవాలా? అయినా చెప్పడానికేముంది, ఎలాగూ మూసుకునే కన్నేగా." ఆగి, కాస్త గొంతు తగ్గించి అన్నాడు. "మా నాన్న కూడా ఎడం పక్క తడుముకుంటూనే నడిచేవాడు. అది ముసలితనమనుకున్నాం."

వాచీలాయనకి కోపం రావాలి. వచ్చింది కూడా, కాని దాన్ని నిలబెట్టుకునే సత్తువ ఒంట్లో లేదు. మెరుపుల సంగతి చెప్పిన రోజున ఈ ముసలాయన ఒక్కమాట, ఒకే ఒక్కమాట అని ఉంటే! ఆయన తెలియక అన్నాడా, తెలిసీ అన్నాడా? తెలియకే అనుంటాడు. మూడు తరాలు కన్ను పోవడాన్ని కూడా పనిలో భాగమే అనుకున్నారు, వేళ్లకి కాయలు కాసినట్టు. అలిసిపోయి తన బల్ల పక్కనున్న స్టూలు మీద కూలబడబోతూ, మసకలో దగ్గరికి వంగి అప్పుడు చూశాడు.

గువ్వ అతని బల్ల ముందు కూర్చుని ఉంది. తాత ఆడుకోమని ఇచ్చిన పాత వాచీని ముక్కు మీద పెట్టుకుని లోపలి స్ప్రింగుని చూస్తోంది. ఎడమ కన్ను గట్టిగా మూసుకుని ఉంది. అంత చిన్న మొహం, ఆ మూసిన కన్ను చుట్టూ ముడతలు పడి, అచ్చం తన మొహంలా ఉంది.

ఇల్లాలు కూడా అప్పుడే చూసింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, రెండంగల్లో వెళ్లి పిల్ల చేతిలో వాచీ లాగి బల్ల మీద పడేసింది.

"చాలు మామయ్యా! మీ వంశం కన్ను మీరే ఉంచుకోండి. నా కూతురికొద్దు."

"నేనేమన్నానమ్మా..."

"ఏమీ అనలేదు. అదే అంటున్నాను. ఒక్కరూ ఏమీ అనలేదు." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "మీరు కూడా. సెలవుల్లో చూద్దాం, సెలవుల్లో చూద్దాం. రేపు పొద్దున్నే దాన్ని తీసుకెళ్తున్నాను. నా ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది."

"నేను తీసుకెళ్తాను" అన్నాడు వాచీలాయన. "కొట్టు మూసేస్తాను."

పనిరోజున ఆ కొట్టు మూతపడటం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. మర్నాడు తలుపులకి తాళం చూసి, పెద్దాయన పోయాడేమోనని ఇద్దరు ముగ్గురు ఇంటికి పరామర్శకి కూడా వచ్చారు. పెద్దాయనే తలుపు తీసి వాళ్లని తిట్టి పంపించాడు.

గువ్వకి చారెడేసి కళ్లున్నాయి గాని, వాటిలో ఇంత పవరు దాచుకుందని అద్దాల షాపువాడు ఆశ్చర్యపోయాడు. లోపలి పొర మాత్రం ప్రస్తుతానికి గట్టిగానే ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, వాచీలాయన అక్కడే, అందరి ముందూ, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. రెండు కళ్లకీ నీళ్లొచ్చాయి. ఏడవడానికైతే రెండూ పనిచేస్తున్నాయి.

అద్దాలు వచ్చేదాకా ఇంట్లో పెద్దాయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పిల్లని రోజూ ఆరుబయట ఎవరు తిప్పుతారన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం, ఇల్లాలు ఆయన వైపే చూసింది. తీరికున్న మనిషి ఆయనొక్కడే. ఆయన గొణుక్కుంటూనే చెప్పులేసుకున్నాడు. మనవరాలు ఆయన కుడి చెయ్యి పట్టుకుని మైదానం దాకా నడిపించుకెళ్లింది. ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో చూసేవాళ్లకి తెలిసేది కాదు.

గువ్వకి అద్దాలు వచ్చిన రోజు వాచీలాయన తన బల్ల ముందున్నాడు. బల్లని గోడకి జరపలేదు, ఉన్నచోటే ఉంచాడు. అతని ముక్కు మీద కూడా కొత్త అద్దాలున్నాయి, పనికి కూర్చుంటే మాత్రం తీసి పక్కన పెడుతున్నాడు. ఎడమ పక్కనుంచి గువ్వ గొంతు వినిపించింది.

"నాన్నా! ఎంతసేపటినుంచి చెయ్యి ఊపుతున్నా, చూడవేంటి?"

తల మొత్తం తిప్పి చూశాడు. పిల్ల గుమ్మంలో ఉంది. అతను తడుముకుని అద్దాలు పెట్టుకున్నాడు. ఆ పిల్ల మొహం మీద కూడా గుండ్రటి కొత్త అద్దాలు. మెడ చాచలేదు, కళ్లు చిట్లించలేదు. అంత దూరం నుంచి నేరుగా అతని మొహంలోకే చూస్తోంది. తండ్రి మొహాన్ని ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గర్నుంచి తప్ప ఆ పిల్ల ఎప్పుడూ చూసి ఉండదు. ఇందాక దూరం నుంచి చెయ్యి ఊపినప్పుడు, అతను తనని చూడటం లేదని కనిపించింది.

తర్వాత గోడ మీద గడియారాలన్నీ చూసింది. "ఇవన్నీ ఒక్కోటీ ఒక్కో టైం చూపిస్తున్నాయి! నేనింకా అన్నీ ఒకటే అనుకున్నా."

"రిపేరుకొచ్చినవి కదే" అన్నాడు.

గువ్వ వచ్చి అతని ఎడమ పక్క ఆగి, మొహం ముందు చెయ్యి ఆడించింది. "ఈ కన్ను కనిపించదా?"

"కనిపించదమ్మా."

"తాతకి?"

పెద్దాయన తన బల్ల ముందు కదలకుండా కూర్చున్నాడు. గువ్వ అటు నడిచింది. ఆయన ఎడమ పక్క నిలబడదామని చూసింది, చోటు లేదు. గోడనీ బల్లనీ తాతనీ చూసి, మాట్లాడకుండా కుడి పక్కకి తిరిగొచ్చి నిలబడింది. తర్వాత, తాతకి ఎలా ఉంటుందో తెలుసుకుందామని కాబోలు, అద్దాల వెనక ఎడమ కన్ను గట్టిగా మూసుకుని, వెనక్కి తిరిగి కొట్టంతా కలియజూసింది.

"ఎడం పక్క నాన్న కనిపించట్లేదు తాతా" అంది.

పెద్దాయన చెయ్యెత్తాడు. జీవితమంతా ఆ కన్ను మూయమని చెప్పిన మనిషి మనవరాలి అద్దాలని మెల్లగా ముక్కు మీద సర్దాడు.

"తెరువమ్మా" అన్నాడు. "రెండూ తెరిచే ఉంచు."